రగ్బీని నమ్ముకోవచ్చా అని అడిగిన నరసన్నపేట తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఊరు నరసన్నపేట, డిగ్రీ రెండో ఏడు, వయసు పందొమ్మిది, బరువు 78 కిలోలు. ఇంటర్ దాకా కబడ్డీ రైడర్‌వి, రెండేళ్ళుగా రగ్బీ సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురి ఆట, ఆడుతున్నావు, యూనివర్సిటీ జట్టులో చోటొచ్చింది. చదువు ఆపేసి పూర్తిగా రగ్బీలోకి దిగాలని ఉంది. నాన్నగారు ఆర్మీ ర్యాలీకి పరిగెట్టమంటున్నారు. మధ్యలో ఒక ఏజెంటు మూడు లక్షలు కడితే న్యూజిలాండ్ క్లబ్బులో ట్రయల్స్ ఇప్పిస్తానంటున్నాడు. ఆఖర్న, పెద్ద విషయం కానట్టు, భుజం నొప్పికి రోజూ మాత్ర వేసుకుని ఆడుతున్నానని ఒక ముక్క రాశావు. నాకు అన్నిటికన్నా ఆ ముక్కే పెద్దగా కనపడింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు నా సంగతి. మాది బొబ్బిలి పక్క పల్లె. నేనూ కబడ్డీ నుంచి వచ్చినవాడినే. భువనేశ్వర్‌లో వ్యాయామ విద్య చదివేటప్పుడు ఇరవై రెండో ఏట రగ్బీ బంతి మొదటిసారి ముట్టుకున్నాను. ఎనిమిదేళ్ళు ఆడాను. పదిహేను మంది ఆడే ఫిఫ్టీన్స్‌లో ఫ్లాంకర్, సెవెన్స్‌లో ప్రాప్, రెండూ ముందుండి నెట్టే, కొట్టుకునే చోట్లే. కోల్‌కతాలో, ముంబైలో టోర్నమెంట్లు ఆడాను గానీ దేశానికి ఆడలేదు. ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. సెలవు రోజుల్లో చంపావతి ఇసుకలో పిల్లలకి రగ్బీ నేర్పుతున్నాను. వాళ్ళు బంతిని ఆనపకాయ అంటారు. ఇప్పుడు నాకూ ఆ మాటే వచ్చేస్తోంది.

నువ్వడిగిన దానికి సూటిగా జవాబు చెప్తాను. ఒక్క రగ్బీ జీతం మీద ఇల్లు నడపడం ఇవాళ మన దేశంలో కుదరదు. ఉద్యోగం చేసుకుంటూ మంచి స్థాయిలో పదేళ్ళు ఆడటం కుదురుతుంది. డిగ్రీ మానేస్తే ఆ రెండోది కూడా చేజారుతుంది.

నిన్ను ఊపేసింది 2025 జూన్‌లో ముంబై అంధేరిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ అని అర్థమైంది. నేనూ ఒక్క మ్యాచ్ వదల్లేదు. దేశంలో ఈ ఆట చూసే రగ్బీ ఇండియాతో కలిసి దాన్ని నడిపింది మన రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థ అని తెలిసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఆరు జట్లు, హైదరాబాద్ పేరుతో కూడా ఒకటి. నాలుగేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. చెన్నై బుల్స్ గెలిచింది. ఒలింపిక్స్ ఆడినవాళ్ళ పక్కన మన కుర్రాళ్ళు పరిగెట్టారు. ఇదంతా మంచిదే. కానీ ఆ సంబరమంతా జూన్ రెండో సగంలోనే అయిపోయింది. ఆ జట్లలో మనవాళ్ళకి ఉన్న చోట్లు ఎన్నో నువ్వే లెక్కేసుకో. వాటి కోసం హర్యానా, మహారాష్ట్ర, ఒడిశా, బెంగాల్ కుర్రాళ్ళు పదేళ్ళ వయసు నుంచి ఈ ఆటలో ఉన్నారు. అక్కడికి చేరడం నీకు అసాధ్యమని చెప్పను. చేరినా మిగతా పదకొండు నెలలు అన్నం ఎక్కడిదన్నదే నా ప్రశ్న.

ఉద్యోగం చేస్తూ ఆడటమంటే తక్కువతనమని నీ రాతలో ఒక బాధ ఉంది. అది తీసెయ్. 1995 ఆగస్టు దాకా ప్రపంచంలో రగ్బీ యూనియన్ ఆడినందుకు జీతం తీసుకోవడమే నిషేధం. అప్పటిదాకా ఆడిన మహామహులంతా పొద్దున ఇంకో పని చేసుకున్నవాళ్ళే. న్యూజిలాండ్ కోలిన్ మీడ్స్ రైతు. వేల్స్ జేపీఆర్ విలియమ్స్ ఎముకల డాక్టరు. జపాన్‌లో ఈ రోజుకీ టొయోటా, సంటోరీ, పానసోనిక్ లాంటి కంపెనీల జట్లున్నాయి. వాటిలో చాలామంది ఆటగాళ్ళు ఆ కంపెనీ ఉద్యోగులు. ఆట అయిపోయాక అదే కంపెనీలో కుర్చీలో కూర్చుంటారు. మనవాళ్ళకి నడిచే దారి అదేనని నా గట్టి నమ్మకం.

మరి పూర్తి జీతం ఉన్నచోట ఎలా ఉందంటే, ఫ్రాన్స్‌లో టాప్ 14 ఉంది, ఇంగ్లాండ్‌లో ప్రీమియర్‌షిప్ ఉంది, డబ్బు బాగానే ఉంటుంది. కానీ కాంట్రాక్టు సాధారణంగా రెండేళ్ళు, మూడేళ్ళు. మోకాలి లిగమెంటు తెగితే ఒక సీజన్ పోతుంది, కాంట్రాక్టు ఆఖరి ఏడాదిలో తెగితే బేరమే పోతుంది. 2022లో వూస్టర్, వాస్ప్స్ అనే రెండు పెద్ద క్లబ్బులు అప్పుల్లో కూలిపోయాయి. మరుసటి ఏడు లండన్ ఐరిష్ అదే దారి పట్టింది. వాస్ప్స్ అంటే నూట యాభై ఏళ్ళు దాటిన క్లబ్బు. వూస్టర్, వాస్ప్స్ ఆటగాళ్ళు సీజన్ మధ్యలో వేరే చోట పని వెతుక్కోవాల్సి వచ్చింది. రగ్బీ పుట్టిన దేశంలోనే అలా జరిగింది.

ఇక మన దారి. 2020లో కేంద్ర ప్రభుత్వం స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల జాబితాను 43 ఆటల నుంచి 63కి పెంచింది. అప్పుడు చేరినవాటిలో రగ్బీ ఉంది. మన రాష్ట్రంలో కూడా కోటా రెండు శాతం నుంచి మూడు శాతమైంది. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ దాని కింద ఇచ్చిన ఆటల జాబితా, ఏ స్థాయి టోర్నమెంట్ చెల్లుతుందన్న షరతు రెండూ అక్షరం అక్షరం చదువుకో. సైన్యంలో రగ్బీ జట్టుంది, బలమైన జట్టు. నాన్నగారు పరిగెట్టమంటున్న ర్యాలీకీ నీ ఆటకీ శత్రుత్వం లేదు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరిగెట్టలేనివాడు సెవెన్స్‌లో రెండో అర్ధభాగం నిలబడలేడు కూడా. నాన్నగారి మాట విని పొద్దున్నే రోడ్డెక్కు, ఆ ఊపిరి రెండింటికీ పనికొస్తుంది.

చదువు మానొద్దని ఎందుకన్నానో ఇక్కడే ఉంది. కేంద్ర ఉద్యోగాలకి క్రీడా సర్టిఫికెట్ స్థాయిని బట్టి వేరే వేరే ఫారాల్లో ఇస్తారు. అంతర్జాతీయ స్థాయికి ఫారం-1, జాతీయ స్థాయికి ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి ఫారం-3, స్కూలు జాతీయ పోటీలకి ఫారం-4. ఇవాళ నీకు అందేంత దూరంలో ఉన్నది ఫారం-3. దాని మీద యూనివర్సిటీ క్రీడల అధికారి సంతకం, ముద్ర ఉండాలి. డిగ్రీ మానేసిన రోజున ఆ తలుపు మూసుకుపోతుంది. చదువుతూ ఉంటే పాతికేళ్ళ లోపు ఎన్నిసార్లు ఎంపికైతే అన్నిసార్లు ఆడొచ్చు. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లోనూ రగ్బీ ఉంది. నాకు ఈ ఫారాల సంగతి ఇరవై ఎనిమిదో ఏట తెలిసింది. ఒక ఉద్యోగానికి పిలుపొచ్చింది, ట్రయల్స్‌లో మొదటి ముగ్గురిలో ఉన్నాను. బల్ల మీద నా సర్టిఫికెట్లు పరిచాను, లామినేషన్ చేయించి మరీ. గుమాస్తా ఒక్కొక్కటి తిప్పి చూసి, “ఇవి టోర్నమెంటు వాళ్ళు ఇచ్చిన కాయితాలు బాబూ, ఫారం ఏది?” అన్నాడు. సంతకం చేయాల్సిన ఆయన అప్పటికే రిటైరైపోయాడు. పది రోజులు తిరిగాను, గడువు దాటిపోయింది. నువ్వు మాత్రం ప్రతి టోర్నమెంటు అయిన వారంలోపే ఫారం నింపించి సంతకం తీసుకో. లామినేషన్ వద్దు, వెనక ముద్రలు వేయడానికి ఉండదు.

ఏజెంటు గురించి రెండు మాటలు చాలు. నిజంగా నిన్ను కావాలనుకున్న క్లబ్బు నీ దగ్గర డబ్బు తీసుకోదు. ఆట వీడియో అడుగుతుంది, కాంట్రాక్టు పంపుతుంది, వీసా కాగితాలు తనే చూసుకుంటుంది. మన జిల్లా నుంచి గల్ఫ్‌కి, సింగపూర్‌కి వెళ్ళి మోసపోయినవాళ్ళ కథలు నీకు నేను చెప్పాలా? నాతో ఆడిన ఒక కుర్రాడు ఇలాగే కట్టాడు. విజిటింగ్ వీసా మీద వెళ్ళి, ఒక తోటలో కాయలు కోసి, మూడు నెలలకి తిరిగొచ్చాడు. వాళ్ళమ్మ పుస్తెలతాడు ఇప్పటికీ తాకట్టులోనే ఉంది. ఆ మూడు లక్షలు ఇంట్లోనే ఉంచు.

ఇక ఆట. ఎత్తు రాయలేదు గానీ 78 కిలోలంటే ఫిఫ్టీన్స్‌లో ముందు వరుస నీది కాదు. అక్కడ ప్రాప్‌లు నూట పది కిలోలు దాటి ఉంటారు, ఎనిమిది మంది ఎనిమిది మందిని నెట్టే స్క్రమ్‌లో ఆ బరువంతా మెడల మీద పడుతుంది. సెవెన్స్ నీది. మైదానం అంతే, మనుషులు సగం కన్నా తక్కువ, ఏడేసి నిమిషాల అర్ధభాగాలు రెండు. రైడర్‌గా నీకున్న పక్కడుగు, నడుం తిప్పడం, ఎదుటివాడి కళ్ళు చదవడం సరిగ్గా అక్కడ పనికొస్తాయి. నీకు లోటు ఎడమచేతి వైపు పాస్‌లో ఉంటుంది, కబడ్డీ నుంచి వచ్చిన అందరికీ ఉంటుంది. గోడ ముందు నిలబడి రోజుకి రెండు వందలు వెయ్యి. ఏడాది తర్వాత నువ్వే వేరే ఆటగాడివి.

అసలు ప్రమాదం ట్యాకిల్‌లో, అంటే బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడగొట్టడంలో ఉంది. నీ భుజం నొప్పి అక్కడ్నుంచే వచ్చిందని చూడకుండానే చెప్పగలను.

కబడ్డీలో మనం ఏం నేర్చుకున్నాం? రైడర్ కాలు కనపడితే చాలు తల ముందుకి తోసి దూకుతాం. చీలమండ దొరికితే సంబరం. అక్కడ కోర్టు చిన్నది, రైడర్ వేగం తక్కువ, పక్కన గొలుసు కట్టిన మనవాళ్ళుంటారు. రగ్బీలో తొంభై కిలోలవాడు ముప్పై మీటర్ల పరుగు తీసి వస్తుంటే వాడి మోకాలి ముందుకి తల పెడితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకి మొదటి నెల బంతే ఇవ్వను. గోనె సంచిలో గడ్డి కూరి, చుట్టూ పాత సైకిల్ ట్యూబు చుట్టి, మనిషి నడుం ఎత్తున నిలబెడతాను. మోకాళ్ళ మీద కూర్చుని మొదలు. తర్వాత ఒక్క అడుగు, తర్వాత నడక, ఆఖర్న పరుగు. వాళ్ళకి ఒకటే మంత్రం, “బుగ్గ పిర్రకి!” అంటే ఎదుటివాడు పక్కనుంచి పోతుంటే నీ చెంప వాడి పిర్ర వెనక వైపుకి ఆనాలి. తల ఎప్పుడూ వాడి వెనక ఉండాలి, దారికి అడ్డంగా ఉండకూడదు. భుజం వాడి తొడ మీద పడాలి. చేతులు రెండూ చుట్టి బిగించాలి, కావిట్లో కుండ జారకుండా పట్టుకున్నట్టు. కళ్ళు తెరిచే ఉంచాలి. కాళ్ళు ఆగకూడదు. సంచి పడ్డాక సంచి మీద నువ్వుండాలి, నీ మీద సంచి ఉండకూడదు. నువ్వు చెయ్యి మాత్రం చాపి పట్టుకుంటున్నావు కాబోలు, బరువంతా భుజం కీలు మీదే పడుతోంది. అడుగు ఇంకా దగ్గరగా వేస్తే సగం నొప్పి అక్కడే పోతుంది.

తల దెబ్బ గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, చిరాకు పడకు. ఇంగ్లాండ్ ప్రొఫెషనల్ ఆటలో ఏళ్ళ తరబడి అన్నిటికన్నా ఎక్కువగా నమోదవుతున్న మ్యాచ్ గాయం కంకషనే, అంటే దెబ్బకి మెదడు అదరడం. 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లాండ్ హుకర్ (స్క్రమ్ ముందు వరుసలో మధ్యవాడు) స్టీవ్ థాంప్సన్‌కి నలభై రెండేళ్ళకే మతిమరుపు జబ్బు అని తేలింది. ఆ ఫైనల్ గెలిచిన జ్ఞాపకమే తనకి లేదని చెప్పాడు. నా సంగతి వింటావా, ఒక టోర్నమెంటులో ఎదుటివాడి మోకాలు నా చెవి పైన తగిలింది. కింద పడ్డాను. చుట్టూ చేరి మొహం మీద నీళ్ళు కొట్టి, వేళ్ళెన్ని అని అడిగి, మళ్ళీ లోపలికి తోశారు. నేనూ వీరుడిలా వెళ్ళాను. ఆ మ్యాచ్‌లో ఏం చేశానో నాకు గుర్తులేదు. తర్వాత మూడు వారాలు కాంప్లెక్స్‌లో నిలబడి బస్సు మీది బోర్డు చదువుదామంటే అక్షరాలు ఈదుతుండేవి. ట్యూబ్ లైటు కింద కూర్చోలేకపోయేవాణ్ణి. మా ఆవిడ అప్పుడు కడుపుతో ఉంది, ఆమె మీద ఊరికే అరిచేవాణ్ణి. అది దెబ్బ వల్లేనని ఎవరూ చెప్పలేదు, నాకూ తెలీదు.

అందుకే ఇప్పుడు నా దగ్గర, తలకి తగిలి ఒక్క క్షణం తూలినా ఆ రోజుకి ఆట లేదు. ఇంటికి ఒంటరిగా పంపను. వాంతి అయినా, తలనొప్పి పెరిగినా, మత్తుగా ఉన్నా సీదా ఆసుపత్రి. లక్షణాలన్నీ పోయాక కూడా మూడు వారాలు కొట్టుకునే ఆటకి దింపను. మీ కోచ్ ఒప్పుకోకపోతే నువ్వే బయటకి వచ్చెయ్. 2023 నుంచి ఇంగ్లాండ్‌లో క్లబ్బుల స్థాయి ఆటలో ఛాతీ ఎముక కింది అంచు దాటి పైకి పట్టుకోవడమే తప్పు చేశారు. వాళ్ళు అంత భయపడుతుంటే మనం నీళ్ళు కొట్టి లేపుతున్నాం.

ఇప్పుడు ఆ మాత్ర. మీ అమ్మగారిది కవిటి అని రాశావు. అంటే నీ చిన్నప్పటి సెలవులన్నీ ఉద్దానంలోనే గడిచి ఉంటాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు తిన్నదో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి కారణం ఇదీ అని ఇంతవరకు ఖాయంగా తేలలేదు. కానీ నొప్పి మాత్రల్లో చాలా రకాలు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి, రోజూ వేసుకుంటే కిడ్నీని దెబ్బతీస్తాయన్నది తేలిన విషయం. చెమట కారి ఒంట్లో నీళ్ళు తగ్గిన మనిషి వేసుకుంటే ఇంకా ప్రమాదం. ఎండలో రెండు గంటలు ప్రాక్టీసు, పైన మాత్ర, నీ కుటుంబం ఉద్దానం. ఇవాళే ఆపు. రేపు పొద్దున్నే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించు. పలాసలో కిడ్నీ ఆసుపత్రే ఉంది. భుజాన్ని ఎముకల డాక్టరుకి చూపించు. మాత్ర వేసుకుంటే తప్ప ఆడలేని భుజం ఆడకూడని భుజమే. రిపోర్టు వచ్చేదాకా జిమ్ వాళ్ళు అంటగట్టే పొడి డబ్బాలు కూడా ముట్టకు. వాటిలో ఏముందో డబ్బా మీద రాసింది నమ్మలేం. ఆటగాళ్ళకి డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్ళు పరీక్ష చేసినప్పుడు ఏదైనా నిషేధిత మందు బయటపడితే తెలీక తిన్నానన్న మాట చెల్లదు, కొన్నేళ్ళ ఆట పోతుంది.

తిండికి డబ్బాలెందుకు, మనకి చోడి (రాగి) అంబలి ఉంది, ఉలవలు ఉన్నాయి, వేరుశనగలు, గుడ్లు, చేపలు ఉన్నాయి. కిడ్నీ రిపోర్టు బాగుంటే రోజుకి నాలుగైదు గుడ్లు, రెండు పూటలా పప్పు, వారానికి మూడుసార్లు చేప. మీ ఇంట్లో అన్నం ఎక్కువ, కూర తక్కువ అయితే అది తిరగెయ్యమని అమ్మగారికి చెప్పు.

బలానికి బయటెక్కడికో వెళ్ళక్కర్లేదు. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఉంది, ఆడపిల్లలు కూడా బార్‌బెల్ ఎత్తి జాతీయ పతకాలు తెచ్చిన ఊరు. మీ ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచే కదా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ దాకా వెళ్ళి కాంస్యం తెచ్చింది. వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవాడి దగ్గర క్లీన్ (బార్ నేల మీంచి భుజాల దాకా ఎత్తడం), స్క్వాట్ (బార్ మోస్తూ గుంజీలు) సరిగ్గా నేర్చుకుంటే రగ్బీకి కావాల్సిన తొడ బలం, నడుం బలం వస్తాయి. అద్దం ముందు చేసే కండల వ్యాయామం నీకు అక్కర్లేదు. మెడకి మాత్రం రోజూ పది నిమిషాలు కేటాయించు. అరచెయ్యి నుదుటికి ఆనించి తలతో నెట్టు, తర్వాత వెనక, తర్వాత రెండు పక్కలా. ఖర్చు లేదు, బస్సులో కూర్చుని కూడా చేసుకోవచ్చు. ఆటకి మౌత్‌గార్డ్ లేకుండా దిగొద్దు. వేడినీళ్ళలో ముంచి పళ్ళతో కొరికి అచ్చు చేసుకునేది కొన్ని వందల్లో దొరుకుతుంది.

నాన్నగారు “ఇదేటి ఆట, మనది కాదు” అన్నారని రాశావు. ఆయనకి ఈ సంగతి చెప్పు. 1870ల్లో కలకత్తాలో ఒక రగ్బీ క్లబ్బు ఉండేది. ఆటగాళ్ళు తగ్గి క్లబ్బు మూసేసేటప్పుడు బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీసి, కరిగించి, ఒక కప్పు చేయించి ఇంగ్లాండుకి పంపారు. దానికి పిడులు తాచుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లాండ్, స్కాట్లాండ్ ఆ కప్పు కోసమే కొట్టుకుంటున్నాయి. ఆ వెండి మన టంకశాలలో పుట్టిందే.

చెల్లి నీకన్నా వేగంగా పరిగెడుతుందని బ్రాకెట్లో రాశావు. బ్రాకెట్లోంచి బయటకి తీసుకురా. ఆడపిల్లల రగ్బీలో మన పక్క రాష్ట్రం ఒడిశా దేశానికే ముందుంది. 2019లో మనీలాలో భారత మహిళల జట్టు సింగపూర్‌ని 21–19తో ఓడించి ఫిఫ్టీన్స్‌లో మొదటి అంతర్జాతీయ విజయం సాధించింది. ఆఖర్న పెనాల్టీ కొట్టి గెలిపించిన సుమిత్రా నాయక్ భువనేశ్వర్‌లో గిరిజన పిల్లల కోసం నడిచే కిస్ బడిలో చదువుకున్న పిల్ల. ఇచ్ఛాపురం దాటితే వాళ్ళ రాష్ట్రమే. జట్లలో చోటుకి పోటీ అబ్బాయిల వైపు ఉన్నంత ఇరుకుగా అమ్మాయిల వైపు లేదు. మీ ఇద్దరిలో దేశం చొక్కా ముందు ఎవరు తొడుక్కుంటారని నన్నడిగితే నేను చెల్లి పేరే చెప్తాను.

రక్తపరీక్ష రిపోర్టు, భుజం గురించి డాక్టరు ఏమన్నాడో రెండూ తెలిశాక ఒక ఆదివారం రా. నరసన్నపేటలో పొద్దున్నే బస్సెక్కితే తొమ్మిదింటికి నెల్లిమర్లలో ఉంటావు. చెల్లినీ తీసుకురా, నాన్నగారు వస్తానంటే ఇంకా మంచిది, మా ఇంట్లో భోంచేసి వెళ్దురు గాని. బూట్లు అక్కర్లేదు, ఇసుకే. గోనె సంచి నేను కూరి ఉంచుతాను.